‘శ్రీనివాస్’లో అక్షరాలెన్ని? కోడ్‌ని అడిగితే ఒక్కోచోట ఒక్కో లెక్క ఎందుకొస్తుంది

క్లుప్తంగా: స్ట్రింగ్‌ని, అంటే కోడ్‌లో దాచిన పదాన్నో వాక్యాన్నో, అక్షరాల లిస్ట్‌గా విడగొట్టే కోడ్ ఇంగ్లిష్ పదానికి సరిగ్గా పనిచేస్తుంది. తెలుగు పేరు ఇవ్వగానే గుణింతాలు ఒకవైపు, పొల్లులు ఒకవైపు విడిపోయి వస్తాయి. లిస్ట్‌లోకి వచ్చేవి మనం చదివే అక్షరాలు కాదు, యూనికోడ్ నంబర్లు (ప్రపంచ లిపుల్లోని ఒక్కో గుర్తుకి ఒక్కో నంబర్ ఇచ్చే ప్రమాణమే యూనికోడ్). చదివే అక్షరం కావాలంటే వేరే పద్ధతి వాడాలి. ఆ పద్ధతికి సంబంధించిన నియమం 2023లో తెలుగుకి మారింది, అదే మార్పులో కన్నడ, తమిళం లేవు. అందుకే బెంగళూరులో రెండు మూడు దక్షిణాది భాషలకి కలిపి యాప్ చేసేవాళ్లకి ఈ విషయం మరీ అవసరం.

వికటకవి కాదంటున్న ప్రోగ్రామ్

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు కోచింగ్ సెంటర్లలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఎక్కడ నేర్చుకున్నా మొదట్లోనే వచ్చే లెక్కలు మూడు. పదాన్ని అక్షరాల లిస్ట్‌గా మార్చడం, తిరగేసి రాయడం, రెండువైపుల నుంచీ ఒకేలా ఉందో లేదో చూడటం. ఇంటర్వ్యూల్లోనూ ఇవే అడుగుతారు.

మొదటి దాంట్లోనే ఒక చిన్న తికమక ఉంది. పైథాన్‌లో స్ప్లిట్ అనేది పదాన్ని అక్షరాలుగా విడగొట్టదు, ఏమీ చెప్పకపోతే ఖాళీల దగ్గర కోస్తుంది, ఖాళీ కోట్స్ ఇచ్చి కొయ్యమంటే ఎర్రర్ ఇస్తుంది. అక్కడ లిస్ట్ ఫంక్షన్ వాడాలి. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఖాళీ కోట్స్‌తో స్ప్లిట్ చక్కగా పనిచేస్తుంది. ఈ తేడా ఒకసారి తెలిస్తే మళ్లీ ఇబ్బంది పెట్టదు. అసలు ఇబ్బంది వేరే ఉంది.

తిరగేసినా మారని పదం అనగానే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది తెనాలి రామకృష్ణుడి బిరుదు, వికటకవి. వి, క, ట, క, వి. ఎటు చదివినా అదే. దీన్ని పైథాన్ లిస్ట్ ఫంక్షన్‌కి ఇస్తే ఐదు ముక్కలు రావు, ఏడు వస్తాయి: వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేస్తే గుడి, వ, క, ట, క, గుడి, వ. స్క్రీన్ మీద ముందు ఏ అక్షరానికీ అంటుకోని గుడి చుక్కల సున్నా మీద వేలాడుతూ కనిపిస్తుంది, తర్వాత ‘వకటకివ’ అని ఉంటుంది. చివరి ‘వి’లో ఉన్న గుడి వెళ్లి మొదట్లో అనాథగా నిలబడింది, మొదటి ‘వి’లో ఉన్నది పక్కనున్న ‘క’ మీదకి ఎక్కింది. రెండూ ఒకటి కావు కాబట్టి ప్రోగ్రామ్ ‘ఫాల్స్’ అంటుంది. కోడ్‌లో ఒక్క తప్పు కూడా లేదు, దానికి అందిన ముక్కలే తప్పు.

లోపల దాచింది అక్షరాలు కాదు

యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన గళ్లు 128. మామూలు దశాంశ లెక్కలో 3072 నుంచి 3199 దాకా. ‘తెలుగు’ అన్న పదంలోని ముక్కల నంబర్లు పైథాన్‌ని అడిగితే 3108, 3142, 3122, 3137, 3095, 3137 అని చెబుతుంది. అంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మూడు అక్షరాల పదానికి ఆరు నంబర్లు. తలకట్టు మాత్రం నంబర్ లేకుండా హల్లులోనే కలిసిపోయి ఉంటుంది, అందుకే ‘కట’ లాంటి పదాన్ని విడగొడితే ఏ తేడా కనిపించదు, సమస్య లేదనిపిస్తుంది. గుణింతం పడగానే అది బయటికొస్తుంది.

ఇలా ఎందుకు చేశారంటే, దీని మూలం మన దేశపు ప్రమాణంలోనే ఉంది. ఇస్కీ అనే ప్రమాణానికి 1988లో ఒక రూపం వచ్చింది, 1991లో మళ్లీ సవరించారు. బ్రాహ్మీ నుంచి పుట్టిన మన దేశపు ప్రధాన లిపులకి ఒకే అమరిక: హల్లు, దాని మీద గుణింతం గుర్తు, రెండు హల్లులు కలపాలంటే మధ్యలో పొల్లు. 1991లో మొదలైన యూనికోడ్ ఆ అమరికనే తీసుకుంది. దాని ఆనవాలు ఇప్పటికీ కనిపిస్తుంది. తెలుగు ‘క’ నంబర్ 3093, కన్నడ ‘క’ 3221. తేడా సరిగ్గా 128. చాలా అక్షరాలకి ఇదే తేడా వస్తుంది, అందుకే తెలుగు పాఠాన్ని కన్నడ లిపిలోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాయడం తేలిక.

వేరే దారి లేకపోలేదు. కొరియన్ లిపికి యూనికోడ్ 11,172 పూర్తి అక్షరాలని ఒక్కోదానికి ఒక్కో నంబర్‌గా ఇచ్చింది. తమిళానికి కూడా అక్షరానికో నంబర్ ఇచ్చే టేస్16 అనే పద్ధతి ఉంది, తమిళనాడు ప్రభుత్వం దాన్ని 2010లో గుర్తించింది. సంప్రదాయ లెక్కలో తమిళ అక్షరాలు 247, కాబట్టి అక్కడ ఆ ఆలోచన సాధ్యమే. తెలుగులో ఒత్తులు ఉండటం వల్ల ఆ సంఖ్య ఆగదు. 35 హల్లులు అనుకుంటే, రెండేసి కలిపిన జంటలే 1,225. వాటికి తలా 12 గుణింతాలు వేస్తే 14,700. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మూడేసి హల్లుల కలయికలు ఇంకా లెక్కలోకి రానేలేదు. ముక్కలుగా దాచి, అవసరమైనప్పుడు కలిపి చూపించడం తెలుగుకి సరైన నిర్ణయమే. తెలుగు లిపి వల్లే ఇబ్బంది అనడం గానీ, యూనికోడ్ తెలుగుకి అన్యాయం చేసింది అనడం గానీ ఇక్కడ కుదరదు. దాచే ముక్కనే అక్షరం అని పాఠాల్లో చెప్పడం దగ్గరే అసలు తేడా మొదలవుతోంది.

ఒక పేరు, ఐదు లెక్కలు

‘శ్రీనివాస్’ అన్న పేరుని వేర్వేరు చోట్ల విడగొట్టి చూస్తే విషయం పూర్తిగా తెలుస్తుంది.

బైట్లుగా కోస్తే 30. యూనికోడ్ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. పాత పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్, సీ భాషలో క్యారెక్టర్ అర్రే, పీహెచ్‌పీలో స్ట్ర్ స్ప్లిట్ ఇలాగే కోస్తాయి. వచ్చే ముక్కల్లో ఒక్కటీ చదవడానికి పనికిరాదు, నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం గుర్తు వరసగా కనిపిస్తే అర్థం అదే.

యూనికోడ్ నంబర్లుగా కోస్తే 10. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, న, గుడి, వ, దీర్ఘం, స, పొల్లు. పైథాన్ 3, గో భాషలో రూన్‌లు, రస్ట్‌లో చార్స్, పీహెచ్‌పీ 7.4 నుంచి వచ్చిన ఎంబీ స్ట్ర్ స్ప్లిట్ ఇదే ఇస్తాయి. జావా, జావాస్క్రిప్ట్ నిజానికి 16 బిట్ల ముక్కలుగా కోస్తాయి, కానీ తెలుగు గుర్తులన్నీ ఒక్కో 16 బిట్ల ముక్కలోనే పట్టేస్తాయి కాబట్టి ఫలితం ఇక్కడా 10. చాలామంది పొరపడేది ఈ చోటే. జావాస్క్రిప్ట్‌లో స్ప్లిట్ వాడితే ఎమోజీ రెండు ముక్కలవుతుంది, అర్రే ఫ్రమ్ గానీ స్ప్రెడ్ చుక్కలు గానీ వాడితే ఆ ఎమోజీ బాగుపడుతుంది. అది చూసి, ఇక అన్ని భాషలకీ సరిపోతుందని అనుకుంటారు. తెలుగు ఫలితం మాత్రం అక్షరం కూడా మారదు, ముందు పది, తర్వాతా పదే.

కంటికి కనిపించే ముక్కలుగా కోస్తే పాత నియమంలో 5, కొత్త నియమంలో 4. దీనికి యూనికోడ్ వాడే పేరు గ్రాఫీమ్ క్లస్టర్. పాత నియమంలో శ్, రీ, ని, వా, స్ వస్తాయి. కొత్త దాంట్లో శ్రీ, ని, వా, స్.

ఛందస్సు లెక్కలో 3 మాత్రమే: శ్రీ, ని, వాస్. చివరి పొల్లు తనంతట తాను అక్షరం కాదు, ముందున్న దానిలో కలిసి దాన్ని గురువు చేస్తుంది. కాబట్టి పద్యాలకి గణ విభజన చేసే ప్రోగ్రామ్ రాసేవాళ్లకి గ్రాఫీమ్ క్లస్టర్ కూడా చాలదు, దాని మీద ఇంకో మెట్టు వేసుకోవాలి.

ఈ ఐదింటిలో ఏదీ తప్పు కాదు. ఫోన్‌లోనే చూడొచ్చు: చాలా కీబోర్డుల్లో కర్సర్‌ని జరిపితే ‘శ్రీ’ మొత్తాన్ని ఒకేసారి దాటుతుంది, అదే ‘శ్రీ’ పక్కన బ్యాక్‌స్పేస్ నొక్కితే ముందు గుడిదీర్ఘం మాత్రమే పోతుంది. టైప్ చేసేవాళ్లకి రెండూ కావాలి. పొరపాటున పడ్డ గుణింతం కోసం అక్షరం అంతా చెరిపి మళ్లీ కొట్టాలంటే ఎవరికైనా చిరాకే.

2023లో ఏం మారింది

యూనికోడ్ 15.1 వెర్షన్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. అంతకుముందు పొల్లు రాగానే ముక్క అక్కడితో ముగిసేది, తర్వాతి హల్లు కొత్త ముక్క. దానివల్ల ‘స్త్రీ’ మూడు ముక్కలు: స్, త్, రీ. తెలుగు చదివే ఎవరూ దాన్ని మూడు అక్షరాలు అనరు. కొత్త నియమం ప్రకారం హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే మధ్యలో కొయ్యకూడదు. ‘స్త్రీ’ ఒక్కటే ముక్క అయింది.

ఈ నియమం ఆ వెర్షన్‌లో వర్తించింది ఆరు లిపులకి: దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం. కన్నడ, తమిళం ఆ జాబితాలో లేవు. తమిళంలో ఒత్తులు దాదాపు లేవు కాబట్టి అక్కడ పెద్దగా తేడా రాదు. కన్నడ సంగతి అలా కాదు, ఒత్తులు తెలుగులో లాగే కింద పడతాయి. ఒకే పదం తీసుకుంటే, ‘రాష్ట్ర’ రెండు భాషల్లోనూ ఏడు నంబర్లే. ఈ నియమంతో కోస్తే తెలుగు లిపిలో రా, ష్ట్ర అని రెండు ముక్కలు. కన్నడ లిపిలో అదే పదం రా, ష్, ట్, ర అని నాలుగు. కోడ్ ఒకటే, లైబ్రరీ ఒకటే, పదమూ ఒకటే. రెండు భాషల్లోనూ గళ్ల నుడికట్టు యాప్ చేస్తే తెలుగు ‘రాష్ట్ర’కి రెండు గళ్లు, కన్నడకి నాలుగు గళ్లు పడతాయి. టెస్టింగ్‌లో ఇది దొరికినప్పుడు ముందు అనుమానించేది సొంత కోడ్‌నే, ఒక రోజంతా అందులోనే పోవచ్చు.

పైగా ఈ నియమం అందరి దగ్గరా ఒకేసారి రాలేదు. లైబ్రరీ ఏ యూనికోడ్ వెర్షన్ డేటాతో తయారైందో దాన్ని బట్టి ఫలితం ఉంటుంది. కొత్త ఫోన్‌లో నాలుగు ముక్కలైన పేరు పాత ఫోన్‌లో ఐదు కావొచ్చు. ముక్కల సంఖ్యని డేటాబేస్‌లో దాచి, తర్వాత దాన్ని మళ్లీ లెక్కించి పోల్చే కోడ్ ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు తేడా కొడుతుంది.

కనిపించకుండా కూర్చున్న గుర్తు

‘సాఫ్ట్‌వేర్’ అన్న పదాన్ని విడగొడితే 11 ముక్కలు వస్తాయి. కనిపించే గుర్తులు లెక్కపెడితే 10 మాత్రమే: స, దీర్ఘం, ఫ, పొల్లు, ట, పొల్లు, వ, ఏత్వం, ర, పొల్లు. పదకొండోది ‘ట్’ తర్వాత ఉంది, నంబర్ 8204. దీని పని ఒక్కటే, పక్క పక్క అక్షరాలని కలవనివ్వకుండా ఆపడం. అది లేకపోతే ‘వ’ కూడా ‘ట’ లాగే ఒత్తుగా పడి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. లెక్క కూడా మారుతుంది. గుర్తు ఉంటే సా, ఫ్ట్‌, వే, ర్ అని నాలుగు ముక్కలు, లేకపోతే సా, ఫ్ట్వే, ర్ అని మూడు.

తెలుగులో ఇంగ్లిష్ మాటలు రాసేటప్పుడు ఈ గుర్తు అడుగడుగునా వస్తుంది: అపార్ట్‌మెంట్, వైట్‌ఫీల్డ్, బస్‌పాస్. టైప్ చేసేవాళ్లు కొందరు వేస్తారు, కొందరు వెయ్యరు, కాబట్టి ఒకే పదం వెతుకులాటలో రెండు వేర్వేరు పదాలుగా కనిపిస్తుంది. ఈ కలయికలని బొమ్మగా గీయడం ఎంత చిక్కో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఈ కనిపించని గుర్తు, దీర్ఘం ఈ వరసలో ఉన్న ఒక తెలుగు ముక్క మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

ఇలాంటిదే ఇంకోటి ఐత్వం. ‘చెన్నై’ని మామూలుగా టైప్ చేస్తే ఆరు నంబర్లు. యూనికోడ్ విడదీసిన రూపంలోకి మారిస్తే ఏడు, ఎందుకంటే ఐత్వం ఒక్కటే ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా విడిపోతుంది. చూడటానికి తేడా లేదు. కోడ్‌లో పోలిస్తే రెండూ సమానం కావు. విడగొట్టే ముందో, పోల్చే ముందో నార్మలైజ్ చేసుకుంటే, అంటే అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చుకుంటే, ఈ గొడవ ఉండదు.

దీని దెబ్బ ఎవరికి తగులుతుంది

ముందుగా, పొడవాటి పేర్లున్నవాళ్లకి. ‘వెంకటలక్ష్మీనరసింహారావు’ చదివేవాళ్లకి 11 అక్షరాలు, కోడ్‌కి 23, యూటీఎఫ్-8లో 69 బైట్లు. ఫారంలో ఇరవై దాకా అనుమతి అని పెడితే, పెట్టినవాళ్ల దృష్టిలో అది ధారాళం. ఈ పేరు అక్కడ ‘వెంకటలక్ష్మీనరసింహార’ దగ్గర ఆగిపోతుంది. పరిమితి 50 బైట్లు అయితే ఇంకా ఘోరం, 16 గుర్తులకి 48 బైట్లు పోగా మిగిలిన రెండు బైట్లు దేనికీ చెందవు, పేరు చివర చెత్త పడుతుంది.

యాప్‌లో ఫొటో లేనివాళ్లకి గుండ్రటి బొమ్మలో పేరులోని మొదటి అక్షరం వేస్తారు. మొదటి ముక్క తీసుకునే కోడ్‌కి స్వాతి ‘స’, ప్రసాద్ ‘ప’, శ్రీలక్ష్మి ‘శ’. తెలుగులో వాళ్ల మొదటి అక్షరాలు స్వా, ప్ర, శ్రీ. చిన్న విషయంలా ఉంటుంది గానీ, తన భాషలో పేరు పెట్టుకున్న మనిషికి అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

పైథాన్‌తో తెలుగు పాఠాన్ని పదాలుగా విడగొట్టేవాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. అంతర్నిర్మిత ‘ఆర్ఈ’ మాడ్యూల్‌లో పదాన్ని పట్టుకునే గుర్తు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. అది హల్లులని అక్షరాలుగా ఒప్పుకుంటుంది, గుణింతాలని ఒప్పుకోదు. ‘తెలుగు’ ఇస్తే త, ల, గ అని మూడు పదాలు చేతికొస్తాయి. పేరులో అక్షరాలే ఉన్నాయా అని ఈజ్ఆల్ఫాతో తనిఖీ చేస్తే ‘తెలుగు’కి లేవనే జవాబు వస్తుంది. ఫారంలో ‘సరైన పేరు ఇవ్వండి’ అని ఎర్రచూపు చూసేది ఇలాంటి తనిఖీయే.

ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే లెక్క. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 పడితే, తెలుగులో 70. ఆ 70లో కొమ్ములు, పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కే. ఏఐ మోడళ్లు కూడా పాఠాన్ని టోకెన్లు అనే ముక్కలుగా కోసే చదువుతాయి, చాలావాటిలో ఆ ముక్కలు బైట్ల నుంచి మొదలవుతాయి. శిక్షణలో తక్కువగా కనిపించిన లిపికి ముక్కలు చిన్నవై, సంఖ్య పెరుగుతుంది, ఆ ముక్కలకీ మన అక్షరాలకీ పొంతన ఉండదు. అలాంటి మోడల్‌ని తెలుగు పదంలో అక్షరాలు లెక్కపెట్టమంటే తడబడటం వింతేమీ కాదు.

ఏ పనికి ఏ ముక్క

డేటా దాచడం, నెట్‌వర్క్‌లో పంపడం బైట్ల పని. గుణింతం గుర్తుల గణాంకాలు, లిపి మార్పిడి, స్పెల్లింగ్ తనిఖీ లాంటివాటికి యూనికోడ్ నంబర్లే కావాలి, అక్కడ లిస్ట్ ఫంక్షన్ సరిగ్గా సరిపోతుంది. మనిషి కంటికి కనిపించే చోట, అంటే కత్తిరించడం, తిరగెయ్యడం, మొదటి అక్షరం తియ్యడం, ఆటలు, వీటన్నిటికీ గ్రాఫీమ్ క్లస్టర్ కావాలి. స్విఫ్ట్‌లో స్ట్రింగ్‌ని విడగొడితే అవే వస్తాయి. రూబీలో గ్రాఫీమ్ క్లస్టర్స్ అనే మెథడ్ ఉంది, పీహెచ్‌పీ 8.4లో గ్రాఫీమ్ స్ట్ర్ స్ప్లిట్ వచ్చింది. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ వాడాలి, ఫైర్‌ఫాక్స్‌లోకి అది 2024లో చేరాక పెద్ద బ్రౌజర్లన్నింటిలో దొరుకుతోంది. పైథాన్‌లో మామూలు స్ట్రింగ్ మెథడ్స్‌లో ఇది లేదు. ‘రెజెక్స్’ అనే బయటి మాడ్యూల్ వేసుకుని బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్‌తో వెతికితే క్లస్టర్లు వస్తాయి.

ఏది వాడినా ముందు ‘స్త్రీ’ ఇచ్చి చూడాలి. ఒకటి వస్తే కొత్త నియమం, మూడు వస్తే పాతది, ఆరు వస్తే అసలు క్లస్టర్లే కావు.

తెలుగు ఒక్కదానికే అయితే సొంతంగా రాసుకోవడం కష్టమేమీ కాదు, వెర్షన్ల టెన్షన్ కూడా ఉండదు. నంబర్లని వరసగా చూస్తూ పోవాలి. వచ్చింది గుణింతం, సున్న, విసర్గ, పొల్లు, లేదా 8204 అయితే ముందు ముక్కకి అంటించాలి. హల్లు వచ్చి, దానికి సరిగ్గా ముందున్నది పొల్లు అయితే అదీ ముందు ముక్కలోకే. మిగతా అన్నిటికీ కొత్త ముక్క. హల్లులు 3093 నుంచి 3129 దాకా ఉంటాయి (ఆ మధ్య ఒక గడి ఖాళీ), పొల్లు 3149. ‘స్త్రీ’ ఇస్తే స కొత్త ముక్క, పొల్లు అంటుకుంటుంది, త ముందు పొల్లు ఉంది కాబట్టి అదీ లోపలికే, మళ్లీ పొల్లు, ర, గుడిదీర్ఘం, అన్నీ కలిసి ఒక్కటి. ‘సాఫ్ట్‌వేర్’లో ‘వ’ దగ్గరికి వచ్చేసరికి ముందున్నది పొల్లు కాదు, 8204, కాబట్టి అక్కడ తెగుతుంది. ఇదే నియమాన్ని కన్నడ నంబర్లకి, అంటే ఒక్కోదానికి 128 కలిపి వర్తింపజేస్తే కన్నడ ‘రాష్ట్ర’ కూడా రెండు ముక్కలే అవుతుంది. ఛందస్సు కోసమైతే ఆఖర్న ఇంకో చిన్న పని: పొల్లుతో ముగిసిన ముక్క, దాని చివర 8204 ఉన్నా సరే, తన ముందు ముక్కలో కలిసిపోవాలి.